గన్నవరంలో రన్‌వే పెరిగింది, మరి విమానాలేవి?

గన్నవరంలో దిగిన పెట్టెకు కట్టి ఉండే చీటీ మీద 'వీజీఏ' అని ఉంటుంది. అది టికెట్లవాళ్ళ లెక్క. పైలట్లకూ కంట్రోల్ టవర్‌కూ ఆ విమానాశ్రయం 'వీఓబీజెడ్'. మొదటి రెండక్షరాలు దక్షిణ భారతానివి. చివరి రెండూ మన బెజవాడవి. రైల్వేవాళ్ళ 'బీజెడ్‌ఏ' లాగే ఇదీనూ. కాగితాల్లో విజయవాడ అయి దశాబ్దాలు గడిచినా, మబ్బుల్లో అది ఇంకా బెజవాడే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసిన ఎయిర్‌స్ట్రిప్ అది. ఊరికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, చెన్నై–కోల్‌కతా హైవేని ఆనుకుని ఉంటుంది. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచారు, ఆ ఏడాదే అంతర్జాతీయ హోదా వచ్చింది. అప్పటినుంచి ఒకటే ప్రశ్న: "ఇంటర్నేషనల్ అన్నారు కదండీ, అమెరికా వెళ్ళాలంటే ఇంకా శంషాబాద్ పోవాల్సిందేనా?"

హోదా అంటే విమానం కాదు. పాస్‌పోర్టు చూసే ఇమ్మిగ్రేషన్, సామాను చూసే కస్టమ్స్ ఉంటాయనీ, విదేశీ విమానం దిగవచ్చనీ అర్థం. దుకాణానికి లైసెన్సు వచ్చినంత మాత్రాన గల్లాపెట్టె నిండదు కదా. ముందు రన్‌వే సంగతి చూద్దాం.

డెబ్బై ఎనభై మంది పట్టే ఏటీఆర్‌కు కిలోమీటరున్నర లోపే చాలు. పెద్ద విమానం దూరప్రయాణానికి ఇంధనం నింపుకుంటే బరువెక్కుతుంది, బరువెక్కితే ఎక్కువ దూరం పరుగెత్తాలి. దానికి తోడు మన ఎండ. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కల కింద ఊతం తగ్గుతుంది, ఇంజన్ల బలమూ తగ్గుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం బెజవాడలో మనిషికే కాళ్ళు కదలవు, విమానాన్ని అని ఏం లాభం? రన్‌వే పొడుగన్నా ఉండాలి, బరువన్నా దించాలి.

అందుకే 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పెంచారు. చెప్పడానికి ఒక్క ముక్క. దానికోసం కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి రైతులు పొలాలు వదులుకున్నారు. భూసమీకరణ కింద వాళ్ళకు అమరావతిలో ప్లాట్లు ఇస్తామన్నారు. ఏలూరు కాలువను దారి మళ్ళించాల్సి వచ్చింది. విమానం ఎక్కేటప్పుడు కిటికీలోంచి నల్లగా సాగిపోయే ఆ తారుదారి చివర ఒకప్పుడు వరి పండేదన్నమాట.

రన్‌వే అమిరినా సీట్లు నిండాలి. 2018 డిసెంబర్‌లో సింగపూర్‌కు వారానికి రెండు సర్వీసులు మొదలయ్యాయి. సీట్లు మిగిలితే ఆ నష్టం రాష్ట్ర ప్రభుత్వం భరించేలా ఒప్పందం. 2019లో అవి ఆగిపోయాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి విదేశాలకు వెళ్ళేవాళ్ళు తక్కువా అంటే కానే కాదు. కానీ ఒకరు డల్లాస్, ఒకరు మెల్‌బోర్న్, ఇంకొకరు దోహా. వీళ్ళందరినీ ఒకే విమానంలో, ఒకే రోజు ఎక్కించడం ఎలా? ఆ పని నాలుగు రాష్ట్రాల జనాన్ని ఒకచోట పోగుచేసే పెద్ద విమానాశ్రయానికే సాధ్యం. గల్ఫ్ సంగతి వేరు. అక్కడికి పనికి వెళ్ళేవాళ్ళ రాకపోకలు ఏడాది పొడుగునా ఉంటాయి. 2022 అక్టోబర్ చివర్లో షార్జా విమానం మొదలైందంటే అందుకే. నా మటుకు నాకు, సబ్సిడీ మీద ఎగిరే సింగపూర్ కంటే జనం మీద ఎగిరే షార్జాయే నికరం.

ఇక డిసెంబర్, జనవరి నెలల్లో గన్నవరం వార్త ఒక్కటే: పొగమంచు. చుట్టూ కాలువలు, తడి పొలాలు. మబ్బులేని రాత్రి నేల చల్లబడగానే ఆ తేమంతా నేలబారున పరుచుకుంటుంది. విమానాన్ని రేడియో సంకేతాలతో రన్‌వే మీదికి నడిపించే ఐఎల్‌ఎస్ సాధారణ స్థాయిది అయితే, దిగడానికి పైలట్‌కు రన్‌వే 550 మీటర్ల మేర కనిపించాలి. కనిపించకపోతే గాల్లో చక్కర్లు కొట్టడం, అప్పటికీ మంచు విడకపోతే హైదరాబాద్‌కు మళ్ళడం. పొద్దున వచ్చిన విమానమే అరగంటలో మళ్ళీ జనాన్ని ఎక్కించుకుని పోవాలి కాబట్టి, ఏడింటి మంచు పదకొండు గంటల ప్రయాణికుడి మెడకు చుట్టుకుంటుంది. ఆ రెండు నెలలూ ముఖ్యమైన పని ఉంటే మధ్యాహ్నం విమానం చూసుకోండి.

లోపల సౌకర్యాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముఖం చూసి గేటు తీసే డిజియాత్ర 2023లో ఇక్కడికీ వచ్చింది. ఇష్టం లేనివాళ్ళకు మామూలు క్యూ ఉండనే ఉంది.

సామాను దగ్గర మాత్రం మనవాళ్ళు తరచూ చిక్కుపడేది కురిడీ కొబ్బరికాయతో. పెళ్ళిపందిట్లో శుభం, విమానంలో ప్రమాదం. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ. గాలి ఆడని చోట అది తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉన్న సరుకుల జాబితాలో ఉంది. అందుకే స్కానర్‌లో గుండ్రంగా కనబడగానే పెట్టె విప్పిస్తారు. పసుపు రాసి, గుడ్డలో మూటకట్టి, చీరల మడతల మధ్య ఎంత జాగ్రత్తగా దాచినా సరే.