గేయరచయితపై విజ్ఞానసర్వస్వ వ్యాసం - వాస్తవ పరిశీలన: ఆత్రేయ, శ్రీశ్రీ పాటల కర్తృత్వం

సంక్షిప్తి:
అంతర్జాల విజ్ఞానసర్వస్వంలో ఒక గేయరచయిత గురించిన వ్యాసాన్ని మొదటి పేజీలో ప్రదర్శించే ముందు అందులోని అంశాలను ఎలా సరిచూడాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆత్రేయ, శ్రీశ్రీల పాటల విషయంలో ఏర్పడిన తారుమారును ఆధారంగా చేసుకొని, శైలిని బట్టి కర్తను నిర్ణయించడంలోని ప్రమాదాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: తెలుగు వికీపీడియా, సినీగేయం, కర్తృత్వం, ఆత్రేయ, శ్రీశ్రీ.

1. ఉపోద్ఘాతం:
తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైంది. దాని మొదటి పేజీలో ‘ఈ వారం వ్యాసం’ శీర్షికన ఎంపికచేసిన వ్యాసాలను ప్రదర్శిస్తారు. హైదరాబాదులోని గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా తెలుగు వికీపీడియా విస్తరణకు ఒక ప్రాజెక్టును చేపట్టింది. శోధన యంత్రాలు, భాషా నమూనాలు వికీపీడియా పాఠాన్ని విరివిగా వాడుకుంటున్నాయి. వాటిని రూపొందించే సంస్థల్లో కొన్నింటికి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లోనే పెద్ద కార్యాలయాలున్నాయి. కాబట్టి విజ్ఞానసర్వస్వంలో చేరిన ఒక తప్పు వాక్యం అక్కడితో ఆగదు. మొదటి పేజీకి ఎక్కిన వ్యాసంలోని తప్పు మరింత వేగంగా వ్యాపిస్తుంది.

2. తారుమారైన రెండు పాటలు:
‘డాక్టర్ చక్రవర్తి’ (1964) చిత్రంలో ఆత్మీయమైన తోడును గురించి ఘంటసాల పాడిన ప్రసిద్ధ గీతాన్ని చాలామంది ఆత్రేయ రచనగా భావిస్తారు. దానిని రాసినది శ్రీశ్రీ. ‘తోడికోడళ్ళు’ (1957) చిత్రంలో, కారులో తిరిగే యువతికి ఆమె భోగం వెనుకనున్న శ్రామికుల కష్టాన్ని గుర్తుచేసే గీతాన్ని శ్రీశ్రీది అనుకుంటారు. దానిని రాసినది ఆత్రేయ. రెండు చిత్రాలకూ దర్శకుడు ఆదుర్తి సుబ్బారావే. ‘డాక్టర్ చక్రవర్తి’కి ఆత్రేయ కూడా పాటలు రాయడం పొరపాటుకు మరింత అవకాశమిచ్చింది.

ఈ పొరపాటుకు మూలం బిరుదులో ఉంది. ఆత్రేయ ‘మనసు కవి’గా, శ్రీశ్రీ విప్లవకవిగా ప్రసిద్ధులు. మనసు ప్రస్తావన వినబడగానే ఆత్రేయ పేరు, శ్రమ ప్రస్తావన వినబడగానే శ్రీశ్రీ పేరు శ్రోతకు స్ఫురిస్తాయి. ఇది ఆధారం కాదు, అలవాటు. దీనివల్ల ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. చిరుద్యోగి బతుకును ‘ఎన్.జి.ఓ.’ నాటకంగా మలచిన ఆత్రేయలోని సామాజిక దృష్టి మరుగునపడుతుంది. శ్రీశ్రీలోని లాలిత్యం లెక్కలోకి రాదు. శ్రీశ్రీ 1983లో, ఆత్రేయ 1989లో మరణించారు. తమ పాట తమదేనని చెప్పుకొనే అవకాశం ఇప్పుడు వారికి లేదు.

3. వాక్యాన్ని విడదీయడం:
పరిశీలకుడు వ్యాసాన్ని పేరాలుగా కాక, ప్రతిపాదనలుగా చదవాలి. ‘మనసు కవి ఆత్రేయ మూగమనసులు చిత్రంలోని పాటలన్నీ రాశారు’ అనే వాక్యాన్ని ఊహించుకుందాం. ఇందులో మూడు ప్రతిపాదనలున్నాయి. బిరుదు మొదటిది; ఆయనను అలా పిలిచినది ఎవరో మూలం చూపాలి. ఆ చిత్రానికి ఆయన పాటలు రాశారన్నది రెండవది, ఇది నిజం. ‘అన్నీ’ అనే మాట మూడవది, ఇది తప్పు. 1964లో విడుదలైన ఆ చిత్రంలో గోదావరి గట్టును వర్ణించే పాట దాశరథిది. ఒక్క మాటను సవరిస్తే వాక్యం నిలుస్తుంది. సవరించకపోతే మరొక కవి కృషి చెరిగిపోతుంది.

4. ఆధారాల తరతమభేదం:
చిత్రం విడుదలైన కాలంలో అచ్చయిన పాటల పుస్తకం, గ్రామఫోను రికార్డు మీది చీటీ, కవి రచనల సంకలనం ముందుగా చూడదగినవి. ఆత్రేయ విషయంలో కొంగర జగ్గయ్య సంపాదకత్వంలో వెలువడిన ‘ఆత్రేయ సాహితి’ సంపుటాలు అటువంటి ఆకరం. సినీగేయ సాహిత్యంపై పైడిపాల వంటివారు చేసిన పరిశోధనలు తరువాతి మెట్టు. చిత్రంలోని పేర్ల పట్టిక గేయరచయితలందరినీ ఒకచోట చూపుతుంది కాబట్టి, ఏ పాట ఎవరిదో దాని ఆధారంగా తేల్చలేము. పాటలు వినిపించే యాప్‌లలో చిత్రమంతటికీ ఒకే రచయిత పేరు కనబడితే దానిని సూచనగా మాత్రమే గ్రహించాలి.

పత్రికా వ్యాసాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. విజ్ఞానసర్వస్వంలోని వాక్యాన్ని పత్రిక వాడుకోవడం, ఆ పత్రికనే విజ్ఞానసర్వస్వం మూలంగా చూపడం జరగవచ్చు. అప్పుడు రెండు సాక్ష్యాలున్నట్లు కనిపించినా నిజానికి ఒక్కటే ఉంటుంది. పత్రిక తేదీని వ్యాసపు మార్పుల చరిత్రతో పోల్చితే ఈ వలయం బయటపడుతుంది.

5. జీవిత విశేషాలు:
ఆత్రేయ అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. 1921 మే 7న సూళ్ళూరుపేట సమీపంలోని మంగళంపాడులో జన్మించారు. నాడు అది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో సూళ్ళూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. ఏ కాలపు జిల్లా పేరు చెబుతున్నామో స్పష్టం చేయకపోతే, సరైన రెండు వాక్యాలే పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. పాటల సంఖ్యను గుండుసున్నాలతో చెప్పినప్పుడు ఆ లెక్క ఎవరు వేశారో పేర్కొనాలి.

6. ముగింపు:
మౌలిక పరిశోధనకు తావులేకపోవడం, నిర్ధారించుకోదగిన మూలం చూపడం, తటస్థ దృక్కోణం వికీపీడియా మౌలిక నియమాలు. విశ్వసనీయమైన మూలాలు రెండు విభేదిస్తే రెండింటినీ పేర్కొనాలి. మూలమే లేని వాక్యాన్ని, అది ఎంత అందంగా ఉన్నా, ప్రదర్శనకు ముందే తొలగించాలి. సాహిత్య విమర్శకుడు శైలి నుండి కవి వైపు ప్రయాణించవచ్చు. విజ్ఞానసర్వస్వ పరిశీలకుడు మాత్రం అచ్చయిన ఆధారం నుండే కవిని చేరుకోవాలి. ఆత్రేయ వ్యాసం నుండి ఒక గొప్ప పాటను తీసి శ్రీశ్రీకి అప్పగించినంత మాత్రాన ఆత్రేయ స్థానం తగ్గదు. ‘తోడికోడళ్ళు’ పాటను తిరిగి ఆయన పేరున చేర్చినప్పుడు ఆయన కవిత్వపు విస్తృతి పాఠకుడికి మరింత తెలుస్తుంది.