నిజాం రైలుమార్గం: ఒక అధికారి, ఒక రసాయన శాస్త్రవేత్త

వేసవి సెలవులలో దోహా నుండి హైదరాబాదు చేరి, సికింద్రాబాదులో రైలెక్కి, వరంగల్లు, డోర్నకల్లు, ఖమ్మం మీదుగా బెజవాడకు ప్రయాణించే తెలుగు కుటుంబాలు అనేకం. ఆ మార్గం ఎవరి ప్రయత్నం వలన ఏర్పడినదో, దానికి వెల చెల్లించినవారెవరో తెలిసినవారు మాత్రం అరుదు. ఆ వృత్తాంతంలో ఇద్దరు ప్రముఖంగా కనిపిస్తారు. ఒకరు నిజాం ప్రభుత్వంలో రైల్వే వ్యవహారాలను నడిపిన అబ్దుల్ హక్. రెండవవారు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం అభ్యసించి డాక్టరేటు పొందిన అఘోరనాథ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడుగారి తండ్రి.

హైదరాబాదు సంస్థానంలో తొలి రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. బొంబాయి, మద్రాసు నగరాలను కలిపే ప్రధాన మార్గంపై ఉన్న వాడి నుండి అది సికింద్రాబాదుకు వచ్చింది. సికింద్రాబాదు దండులోని సైన్యం కోసం ఈ మార్గం బ్రిటిషు వారికి అత్యవసరం. నిర్మాణానికి ధనం మాత్రం నిజాం పక్షం నుండి వచ్చింది. అప్పటి దివాను మొదటి సాలార్ జంగ్.

ఆ మార్గాన్ని తూర్పుకు పొడిగించాలన్న ఆలోచనకు బలమైన శాస్త్రీయ కారణం ఒకటి ఉన్నది. 1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. గోదావరి లోయలోని ఈ బొగ్గు గోండ్వానా శిలల నాటిది. కోట్లాది సంవత్సరాల క్రితం నాటి అడవులు భూమిలో కూరుకుపోయి, ఒత్తిడికీ వేడిమికీ లోనై ఏర్పడినది. ఆ కాలపు రైలింజనుకు బొగ్గే ఆహారం. అయితే బొగ్గు బరువైన సరుకు. ఎడ్లబండ్లపై దూరం తరలిస్తే, సరుకు వెలను రవాణా ఖర్చే మించిపోతుంది. కనుక రైలు లేనిదే గనికి విలువ లేదు; గని చేరువలో లేనిదే రైలుకు లాభం లేదు.

ఈ రెండింటినీ జోడించే పని అబ్దుల్ హక్ చేతికి వచ్చింది. బొంబాయి ప్రెసిడెన్సీ పోలీసు శాఖలో ఉద్యోగం చేసి, సాలార్ జంగ్ కాలంలో నిజాం కొలువుకు వచ్చిన ఈయన, కార్యదక్షతతో త్వరితంగా ఉన్నత పదవులకు ఎదిగారు. సర్దార్ దిలేర్ జంగ్ అన్న బిరుదు పొందారు. లండన్ పెట్టుబడిదారులతో సంస్థానం తరఫున సంప్రదింపులు జరిపినది ఈయనే.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ మరణించారు. ఆ ఏడాదే చాందా రైల్వే పథకం నగరంలో పెద్ద చర్చకు దారితీసింది. సంస్థానం నెత్తిన ఇంత భారం మోపే ముందు షరతులను ప్రజలకు వెల్లడించాలని కొందరు విద్యావంతులు కోరారు. వారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథులు ముఖ్యులు. ప్రభుత్వం సమాధానం చెప్పలేదు; అఘోరనాథుణ్ణి 1883 మే నెలలో సంస్థానం నుండి బహిష్కరించింది. నాటికి సరోజిని నాలుగేళ్ళ పసిబాలిక. కొన్నేళ్ళకు ఆయనను తిరిగి రానిచ్చి, విద్యాశాఖలోనే పని అప్పగించారు.

ఒప్పందం 1883 డిసెంబరులో కుదిరింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న కంపెనీ పేరులోనే దాని సారం ఉన్నది. లండన్ వాటాదారుల పెట్టుబడిపై ఇరవై సంవత్సరాలపాటు ఏటా 5 శాతం వడ్డీకి నిజాం ఖజానా హామీ. రైలు ఆర్జించినంత ఆర్జిస్తుంది. తక్కువైనది ఖజానా పూరిస్తుంది. అనగా లాభం వాటాదారునిది, నష్టభయం శిస్తు కట్టే రైతుది.

నిర్మాణం మాత్రం చురుకుగా సాగింది. 1886లో వరంగల్లుకు, 1888లో డోర్నకల్లు మీదుగా ఇల్లెందు గనులకు, 1889 ఫిబ్రవరిలో బెజవాడకు రైలు చేరింది. వివాదానికి కారణమైన చాందా దిశలో కాజీపేట, బల్లార్షాల మధ్య దారి పూర్తయ్యేసరికి 1929 వచ్చింది.

ఇంతలో 1886లో, సంస్థానంలోని ఖనిజాలపై హక్కును వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరికి ఇచ్చారు. వారు లండన్‌లో హైదరాబాదు దక్కన్ కంపెనీని స్థాపించారు. ఆ కంపెనీ వాటాలను నిజాం ప్రభుత్వం కూడ కొన్నది. లండన్ బజారులో కొన్నట్లు చూపిన ఆ వాటాలు నిజానికి అబ్దుల్ హక్ సొంతవేనని అభియోగం వచ్చింది. 1888లో బ్రిటిషు కామన్స్ సభ ఒక సెలెక్టు కమిటీతో విచారణ జరిపించింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. అయిదేళ్ళ క్రితం అఘోరనాథులు కోరినది ఈ లెక్కల వెల్లడినే గదా!

బొగ్గు ముక్కను చూచి దానిలో బూడిద ఎంత ఉన్నదో ఎవరూ చెప్పలేరు. ప్రయోగశాలలో తూచి, కాల్చి, మిగిలినదానిని మరల తూచినప్పుడే తెలుస్తుంది. ఒప్పందాల విషయమూ ఇంతే. మార్గం మంచిదే, గనులూ నిజమే. ఆ గనుల వారసురాలైన సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడి, నేటికీ తెలుగు నాట వెలుగు నింపుతున్నది. 1930 ఏప్రిల్ 1న రైల్వేను నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1966 నుండి ఆ మార్గం దక్షిణ మధ్య రైల్వేలో భాగం. అబ్దుల్ హక్ దక్షతను కాదనలేము. కాని పరీక్షకు లోబడని దక్షత ఎంత వెల కోరుతుందో ఆయన జీవితమే చెబుతుంది.

ఖతర్‌లో నివసించే తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. ఇక్కడ కూడ 1935లో ఒక విదేశీ కంపెనీకి 75 సంవత్సరాల చమురు హక్కు లభించింది. 1949 చివరలో తొలి ఎగుమతి జరిగింది. 1977 నాటికి చమురు, వాయువుల పరిశ్రమ పూర్తిగా దేశం చేతికి వచ్చింది. భూగర్భ సంపద ఎక్కడ బయటపడినా మొదటి ప్రశ్న శాస్త్రవేత్తది: ఎంత ఉన్నది? రెండవది పౌరునిది: ఎవరికి, ఏ షరతుపై? హైదరాబాదులో ఆ రెండవ ప్రశ్న అడిగినవాడు ఒక రసాయన శాస్త్రవేత్త కావడం విశేషం. ఈసారి డోర్నకల్లు జంక్షనులో రైలు ఆగినప్పుడు, ఇల్లెందు వైపు చీలే పట్టాలను చూపి పిల్లలకు ఆయన పేరు చెప్పవచ్చు.