హైదరాబాదు విద్యార్థి యాత్ర: రెండు రోజుల పాఠం

చలికాలం రాగానే జిల్లాల పాఠశాలల్లో విహారయాత్రల సందడి మొదలవుతుంది. కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాదు, మహబూబ్‌నగర్... ఊరేదైనా, పెద్ద నగరం అనగానే చాలామంది ఉపాధ్యాయుల చూపు ముందుగా హైదరాబాదు వైపు మళ్లుతుంది. బస్సు మాట్లాడతారు. తలకింత అని రుసుము నిర్ణయిస్తారు. పదో పన్నెండో ప్రదేశాలతో జాబితా తయారవుతుంది. ఆ రుసుము చెల్లించడానికి కొన్ని ఇళ్లలో తల్లి కుట్టుపనితో కూడబెట్టిన సొమ్ము, మరికొన్ని ఇళ్లలో తండ్రి చాలా రోజుల కూలి ఖర్చయిపోతుంది. అంత వెచ్చించి పంపిన బిడ్డ ఆ నగరం నుంచి ఇంటికి ఏం తెస్తున్నాడన్నది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి ఆలోచించవలసిన విషయం.

సాధారణంగా తెచ్చేవి కొన్ని ఫొటోలు, ఒక బొమ్మ, రెండు రోజుల అలసట. పన్నెండు చోట్ల బస్సు దిగి ఎక్కిన పిల్లలకు ఏ చోటూ మనసులో నిలవదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పదో తరగతి తర్వాత తాము చదువుకోగల విద్యాలయాలు అదే నగరంలో ఉన్నా, బస్సు వాటి ముందు నుంచే సాగిపోతుంది గాని అక్కడ ఆగదు. యాత్రను ఆరేడు చోట్లకు తగ్గించి, అందులో ఒక రోజును చదువుల తావులకు కేటాయిస్తే ఆ రెండు రోజులు పిల్లల భవిష్యత్తుకే దారి చూపగలవు.

బయలుదేరే ముందు

ముందుగా వారం చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం శుక్రవారం మూసి ఉంటాయి. ఆదివారం విశ్వవిద్యాలయాలకు సెలవు. కాబట్టి బుధ, గురువారాలు అనుకూలమైనవి. విశ్వవిద్యాలయాలకు, గ్రంథాలయానికి రెండు మూడు వారాల ముందే పాఠశాల పేరిట లేఖ రాసి అనుమతి కోరాలి.

పిల్లలను అయిదుగురేసి జట్లుగా విభజించి, ప్రతి జట్టుకూ ఒక పెద్దవిద్యార్థిని బాధ్యునిగా నియమించాలి. ప్రతి పిల్లవాని జేబులో ఉపాధ్యాయుని ఫోన్ నంబరు, బస చిరునామా రాసిన కాగితం ఉండాలి. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయినా కాగితం ఆదుకుంటుంది. ఒక చిన్న నోటుపుస్తకం, ఒక పెన్ను తప్పనిసరి. చూడబోయే ప్రతి చోటికీ ఒక్కొక్క ప్రశ్నను ముందే ఆ పుస్తకంలో రాయించాలి. ప్రశ్నతో వెళ్లిన కన్ను వెతుకుతుంది. ప్రశ్న లేని కన్ను పక్కకు జారిపోతుంది.

నమాజు వేళలను కార్యక్రమంలోనే చేర్చుకోవాలి. ప్రయాణికులకు షరీఅత్ ఇచ్చిన సడలింపు, అంటే నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా చేసుకునే విధానం, ఎప్పుడు ఎలా వర్తిస్తుందో బయలుదేరే ముందే ఊరి ఆలిమ్‌ను అడిగి పిల్లలకు నేర్పించవచ్చు. పుస్తకంలో చదివిన నియమం ప్రయాణంలో అనుభవంగా మారుతుంది. ఆడపిల్లలు వుజూ చేసుకుని నమాజు చేసుకునేందుకు ఎక్కడ వసతి ఉందో ఉపాధ్యాయినులు ముందే కనుక్కోవాలి.

మొదటి రోజు: పాత నగరం

ఉదయం చార్మినార్‌తో ప్రారంభిద్దాం. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో ఈ నగరానికి పునాది వేశాడు. హిజ్రీ శకం ప్రకారం వెయ్యో సంవత్సరం మొదలైనది అప్పుడే. నాలుగు దిక్కులకూ తెరుచుకున్న కమానుల మధ్య నిలబడి, నాలుగు దారులు ఎటు వెళ్తున్నాయో పిల్లలు తమ పుస్తకంలో గీయాలి. నగరాన్ని ఎదగనిచ్చి తర్వాత దారులు వెతుక్కోలేదని, దారులు గీసి ఆ పైన నగరం కట్టారని వారికే అర్థమవుతుంది. కట్టడం పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉన్నదని కూడా గుర్తు చేయాలి.

అక్కడికి దగ్గరలోనే మక్కా మసీదు. ముహమ్మద్ కుతుబ్‌షా కాలంలో మొదలైన నిర్మాణం ఔరంగజేబు పాలనలో 1694లో పూర్తయింది. మొదలుపెట్టిన రాజవంశం పోయింది. దాన్ని జయించినవారు పని పూర్తి చేశారు. పునాదిరాయి మోసిన కూలీ పూర్తయిన మసీదును చూడలేదు. తాము చూడని ఫలితం కోసం శ్రమించడం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి తావు దొరకదు. జుహర్ నమాజు ఇక్కడ చేసుకునేలా వేళ కుదుర్చుకుంటే మంచిది.

చార్మినార్ పక్కనే ఉన్న లాడ్‌బజార్‌కు వెళ్లేది కొనడానికే అనుకుంటారు. కొనే ముందు ఒక పావుగంట పని చూడాలి. లక్కను నిప్పుల మీద మెత్తబరచి, సాగదీసి, కడియంగా చుట్టి, దాని మీద అద్దపు ముక్కలను, రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుతారు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక జత తయారు కావడానికి ఎంతసేపు పడుతుందో, అందులో పనివారికి ఎంత దక్కుతుందో పిల్లలు మర్యాదగా అడిగి రాసుకోవాలి. ఆ లెక్క తెలిసిన అమ్మాయి బేరం ఆడేటప్పుడు ఒక మాట తగ్గించి మాట్లాడుతుంది.

మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించిన వస్తువులతో ఇది 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనానికి మారింది. అన్ని గదులూ తిరగాలని చూస్తే కాళ్ల నొప్పులే మిగులుతాయి. మూడింటిని ఎంచుకుంటే చాలు. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం దగ్గర పిల్లలు ఎలాగూ ఆగుతారు. తర్వాత ముసుగు మాటున ముఖం కనిపించేలా ఒకే పాలరాతిలో బెంజోనీ చెక్కిన రెబెకా శిల్పం. మూడవది అరబీ, పారసీ చేతిరాత ప్రతుల సంపద. బాగ్దాద్‌కు చెందిన సుప్రసిద్ధ లేఖకుడు యాకూత్ అల్ ముస్తాసిమీ 13వ శతాబ్దిలో రాసిన ఖుర్‌ఆన్ ప్రతి ఈ సేకరణలో ఉంది. అచ్చుయంత్రం లేని కాలంలో ఒక గ్రంథం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి చేరడానికి ఎన్ని నెలల ఓపిక కావలసివచ్చిందో పిల్లలను ఊహించమనాలి.

మూసీ ఒడ్డున అర్ధగంట

సాయంత్రం మ్యూజియం నుంచి నయాపూల్ వంతెన దాకా నడిచి వెళ్లవచ్చు. ఏ జాబితాలోనూ లేని పాఠం ఇక్కడే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు మీదికి ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు.

ఆ విపత్తు తర్వాత ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీటిని నగరానికి ఎగువనే ఆపాలని ఆయన సూచించారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపిన ఆ నీరే నగరానికి తాగునీరైంది. వంతెన మీద నిలబడితే ఒక ఒడ్డున ఆసుపత్రి, ఎదుటి ఒడ్డున హైకోర్టు కనిపిస్తాయి. కింద పారే మురికి నీరూ కనిపిస్తుంది. ముందుతరం అంత శ్రద్ధతో కాపాడిన నదిని మన తరం ఏం చేసింది? ఈ ప్రశ్నకు జవాబు ఉపాధ్యాయుడు చెప్పనక్కర లేదు. పిల్లలు ముక్కు మూసుకున్నప్పుడే జవాబు వారికి తెలిసిపోతుంది.

రెండవ రోజు: చదువుల తావులు

రెండవ రోజు ఉదయం కోఠీలోని వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. కోఠీ ఉమెన్స్ కాలేజీగా తల్లులకు తెలిసినది ఇదే. 1924లో ఆరంభమైన ఈ కళాశాల, ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు నివసించిన భవన ప్రాంగణంలో నడిచి, 2022లో విశ్వవిద్యాలయమైంది. అనుమతి దొరికితే ఇక్కడ చదివే అమ్మాయిలతో మన అమ్మాయిలను ఒక అర్ధగంట మాట్లాడనివ్వాలి. ఏ మార్కులతో సీటు వస్తుంది, హాస్టల్ ఎలా ఉంటుంది, ఉపకారవేతనానికి ఎప్పుడు దరఖాస్తు చేయాలి, ఇంటికి ఎన్నాళ్లకోసారి వెళ్తారు... ఇవే అడగవలసిన ప్రశ్నలు.

అక్కడి నుంచి మెట్రో ప్రయాణం. తార్నాక చేరాలి. సుల్తాన్ బజార్ స్టేషన్‌లో ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర మారవచ్చు. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారవచ్చు. ఏ దారి మేలో ఉపాధ్యాయుడు చెప్పకుండా, గోడ మీది పటం చూసి జట్టులోని పిల్లలనే నిర్ణయించమనాలి. దారి తామే వెతుక్కున్న పిల్లవానికి నగరమంటే సగం భయం పోతుంది.

తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1917లో వెలువడిన ఫర్మానాతో ఏర్పడిన ఈ సంస్థ, ఒక దేశభాషను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. వైద్యం, ఇంజనీరింగ్ సైతం ఉర్దూలో బోధించారు. అందుకు కావలసిన గ్రంథాలను దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ సిద్ధం చేసింది. కొత్త శాస్త్రాన్ని సొంత భాషలో చెప్పడానికి పదాలు వెతికిన పండితుల శ్రమను, ఇంటిలో ఉర్దూ, బడిలో తెలుగు, పోటీ పరీక్షలో ఇంగ్లీషు చదువుకునే మన పిల్లలు ఎవరికంటే బాగా గ్రహించగలరు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం మెట్ల మీద ఫొటో తప్పక తీసుకోవచ్చు. అరబీ ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి ప్రచురించే దాయిరతుల్ మఆరిఫ్ కూడా ఈ ప్రాంగణంలోనే ఉంది. దాని స్థాపన 1888 నాటిది.

ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లలు ఎక్కువగా ఉంటే, గచ్చిబౌలిలో 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాన్ని చేర్చుకోవచ్చు. లేదంటే తిరుగు దారిలో అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఒక గంట గడపవచ్చు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన ఆ సంస్థలో, పోటీ పరీక్షలకు మౌనంగా చదువుకునే యువతను చూడటమే పదిమంది ఉపన్యాసాల పెట్టు.

గోల్కొండ మాటేమిటని అడుగుతారు. చప్పట్ల ప్రతిధ్వని, 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కూలిన రాజ్యం, 2022లో యునెస్కో పురస్కారం అందుకున్న మెట్ల బావులు... ఇవన్నీ ఒక పూర్తి రోజు అడుగుతాయి. మూడో రోజు ఉంటే వెళ్లాలి. లేకపోతే మరో యాత్రకు మిగిల్చాలి.

అమ్మాయిని పంపాలా?

అబ్బాయి అడిగితే డబ్బు చూస్తాము. అమ్మాయి అడిగితే లోకాన్ని చూస్తాము. ఆ జంకు వెనుక ఉన్నది ప్రేమే. దాన్ని తేలిగ్గా కొట్టివేయలేము. అయితే పంపకపోవడం ఒక్కటే దానికి మందు కాదు. ఉపాధ్యాయినులు తోడు ఉంటారా, రాత్రి బస ఎక్కడ, గదులు వేరుగా ఉన్నాయా అని పాఠశాలను గట్టిగా అడగండి. ఇద్దరు ముగ్గురు తల్లులను లేదా దంపతులను వెంట తీసుకువెళ్లమని కోరండి. తోడుగా వెళ్లిన తల్లి కోఠీ ప్రాంగణాన్ని స్వయంగా చూస్తే, రెండేళ్ల తర్వాత కుమార్తె ఉన్నత విద్య గురించి ఇంటిలో మాట వచ్చినప్పుడు ఊహించి భయపడదు, చూసినది చెబుతుంది. విద్యార్జన పురుషునికీ స్త్రీకీ ధర్మమని నమ్మే మన ఇళ్లలో ఆ మాటకు విలువ ఉంటుంది.

తిరిగి వచ్చిన తర్వాత

యాత్ర బస్సు దిగడంతో ముగియదు. వారంలోగా పాఠశాలలో ఒక సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి, ప్రతి జట్టు తమ పుస్తకంలోని ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆర్థిక స్థోమత లేక రాలేకపోయిన పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ఆ పిల్లల రుసుములో కొంత మసీదు కమిటీయో, ఊరిలోని సంపన్నులో భరించగలరేమో వచ్చే ఏడాదికి అప్పుడే మాట్లాడుకోవాలి. అనుమతి ఇచ్చిన విద్యాసంస్థలకు పిల్లల చేతనే కృతజ్ఞతా లేఖలు రాయించాలి.

చివరగా, ప్రతి ఇంటిలో ఒక పని. బిడ్డ తెచ్చిన నోటుపుస్తకంలో సీటు, హాస్టల్, ఉపకారవేతనం గురించి రాసుకున్న పేజీని తల్లిదండ్రులు తెరిచి చదవాలి. దరఖాస్తు చేయవలసిన నెలను గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టాలి.