మారేది ప్రాణి కాదు, తరం

జీవ పరిణామం అంటే ఒక జాతి జీవుల జనాభాలో వంశపారంపర్యంగా వచ్చే లక్షణాల పాళ్లు తరతరానికీ మారుతూ పోవడం. ఈ మార్పు జనాభాలో జరుగుతుంది, ఒక్కో ప్రాణిలో కాదు. ఏ పిట్టా, ఏ పురుగూ తన జీవితకాలంలో పరిణామం చెందదు. అయితే కొన్ని ప్రాణులు ఎక్కువ సంతానాన్ని వదిలి పోతాయి, కొన్ని తక్కువ, కొన్ని అసలే వదలవు. అందుకే కొత్త తరం పాత తరానికి అచ్చుగుద్దినట్టు ఉండదు. ఈ సంగతి ఒక్కటి మనసుకు పడితే పరిణామం గురించి చలామణిలో ఉన్న అపోహల్లో చాలావరకు తొలగిపోతాయి.

జీవజాతులు మారుతూ వచ్చాయన్న ఆలోచన చార్లెస్ డార్విన్‌కు ముందే ఉంది. అవి ఎలా మారాయో వివరించడం డార్విన్ చేసిన పని. 1831 నుంచి 1836 వరకు బీగిల్ ఓడలో ప్రపంచం చుట్టిన డార్విన్, 1835లో గాలపాగోస్ దీవుల్లో దిగాడు. 1838లో మాల్థస్ జనాభా వ్యాసం చదివాడు. పుట్టినవన్నీ బతికితే భూమి చాలదు, కాబట్టి ఎక్కువ భాగం పెరగకముందే పోతాయి అన్న వాదన అందులో ఉంది. మరి మిగిలేవి ఏవి అన్న ప్రశ్న డార్విన్‌ను పట్టుకుంది. జవాబు దొరికినా ఇరవై ఏళ్లు ఆధారాలు కూడబెడుతూ ఉండిపోయాడు. ఈలోగా ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో తిరుగుతున్న ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ కూడా సొంతంగా అదే జవాబుకు వచ్చాడు. వాలెస్ 1855లో రాసిన వ్యాసం గురించి డార్విన్‌కు ఉత్తరం రాసి హెచ్చరించింది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్. చివరకు 1858 జులై 1న లండన్ లినియన్ సొసైటీలో ఇద్దరి పత్రాలనూ కలిపి చదివారు. మరుసటి ఏడాది నవంబరులో డార్విన్ పుస్తకం ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ వెలువడింది.

నాలుగు షరతులు

ఇద్దరూ చెప్పిన ప్రక్రియ పేరు ప్రకృతి వరణం. అది జరగడానికి నాలుగు షరతులు చాలు. ఒకటి, ఒకే జాతి జీవుల మధ్య తేడాలుండాలి. రెండు, ఆ తేడాల్లో కొన్నయినా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రావాలి. మూడు, బతికి బట్టకట్టగలిగిన వాటికంటే ఎక్కువ పుట్టాలి. నాలుగు, బతకడంలోనూ సంతానాన్ని కనడంలోనూ ఆ తేడాల వల్ల ఎంతో కొంత లాభనష్టాలు కలగాలి. ఈ నాలుగూ కలిసినచోట ఎవరూ పూనుకోకపోయినా, ఏ ప్రాణీ కోరుకోకపోయినా, లాభం తెచ్చే లక్షణం తరతరానికీ పెరుగుతుంది. ఇక్కడ ఎంపిక చేసే చేయి అంటూ ఏదీ ఉండదు. కరువు, చలి, రోగం, శత్రువు, ఆహారం, జతగాడి కోసం పోటీ, ఇవే ఎంపిక చేస్తాయి.

ఒక కరువు, ఒక ముక్కు

ప్రకృతి వరణాన్ని కళ్లారా చూసి, కొలిచి, లెక్క రాసిన చోటు గాలపాగోస్‌లోని డాఫ్నే మేజర్ దీవి. వంద ఎకరాలు కూడా లేని రాతిదిబ్బ అది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో అక్కడ పరిశోధన మొదలుపెట్టి, దశాబ్దాల పాటు కొనసాగించారు. ఫించ్ పిట్టలను పట్టి, కాళ్లకు గుర్తు కడియాలు వేసి, ముక్కు పొడవు, లోతు, వెడల్పు కొలిచి వదిలేవారు. ఏ పిట్ట ఏ పిట్టకు పుట్టిందో రాసి పెట్టుకునేవారు.

1977లో వానలు మొహం చాటేశాయి. వానాకాలం మొత్తానికి 24 మిల్లీమీటర్లే పడింది. మొక్కలు కొత్త గింజలు వేయలేదు. మధ్యరకం నేలఫించ్ పిట్టలు ముందు మెత్తని చిన్న గింజలను ఊడ్చేశాయి. చివరకు మిగిలింది ఒక ముళ్లమొక్క కాయలు. తెలుగునాట చేలగట్ల మీద కాళ్లకు గుచ్చుకునే పల్లేరుకు దగ్గరి చుట్టం ఆ మొక్క. ఆ గట్టి కాయను చీల్చి లోపలి గింజ తీయాలంటే బలమైన, లోతైన ముక్కు కావాలి. సన్నముక్కు పిట్టలు దాన్ని తీసుకుని, తంటాలు పడి, వదిలేసేవి.

ఏడాది తిరిగేసరికి ఆ పిట్టల్లో దాదాపు 85 శాతం చచ్చిపోయాయి. మిగిలినవాటి ముక్కు సగటు లోతు కరువుకు ముందున్న సగటు కంటే అర మిల్లీమీటరు ఎక్కువ. కరువు ఏ పిట్ట ముక్కునూ పెంచలేదు. సన్నముక్కులవి ఎక్కువగా పోయాయి కాబట్టి సగటు మారింది, అంతే. ఇంతవరకు జరిగింది వరణం. 1978లో వానలు పడి, బతికిన పిట్టలు పిల్లలను కన్నాక జరిగింది పరిణామం. ముక్కు లోతు తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణం కాబట్టి, కొత్త తరం ముక్కులు కరువుకు ముందటి తరం ముక్కుల కంటే సుమారు 4 శాతం లోతుగా ఉన్నాయి.

కథ అక్కడ ఆగలేదు. 1982-83లో ఎల్‌నినో వల్ల కుండపోత వానలు కురిశాయి. దీవి నిండా తీగలు అల్లుకుని చిన్న గింజలు రాశులు పడ్డాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో చిన్నముక్కు పిట్టలకే మేలు జరిగింది, సగటు వెనక్కి మళ్లింది. అంటే ‘మంచి ముక్కు’ అనేది ఎప్పటికీ ఒకటే కాదు. ఆ ఏడు ఏ గింజ దొరికితే దానికి తగిన ముక్కే మంచి ముక్కు.

తేడాలు ఎక్కడి నుంచి?

తేడాలు ఎలా పుడతాయో, ఎలా సంక్రమిస్తాయో డార్విన్‌కు తెలియదు. బఠానీ మొక్కలతో అనువంశికత సూత్రాలు కనుక్కున్న గ్రెగర్ మెండెల్ 1866లోనే తన పత్రం అచ్చువేసినా, దాని విలువను లోకం గుర్తించింది 1900లో. డీఎన్‌ఏ నిర్మాణం 1953లో బయటపడింది. ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి కొత్త తేడాలకు మూలం ఉత్పరివర్తనాలు, అంటే డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దొర్లే మార్పులు. పుట్టే ప్రతి మనిషిలోనూ తల్లిదండ్రుల్లో లేని ఇలాంటి కొత్త మార్పులు అరవై, డెబ్బై దాకా ఉంటాయి. ఎక్కువ భాగం మంచీ చేయవు, చెడూ చేయవు. కొన్ని హాని చేస్తాయి. అరుదుగా ఏదో ఒకటి పనికొస్తుంది. లైంగిక ప్రత్యుత్పత్తిలో తల్లి, తండ్రి జన్యువులు కలగలిసి కొత్త కూర్పులు కూడా తయారవుతాయి.

ఉత్పరివర్తనం అవసరాన్ని చూసి రాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ అనుకున్నట్టు, జిరాఫీ చాచీ చాచీ పెంచుకున్న మెడ పిల్లలకు రాదు. కమ్మరి చేతి కండలు కొడుక్కి పుట్టుకతో రావు. తేడా ముందు పుడుతుంది, పరిస్థితి తర్వాత దాన్ని నిలబెడుతుంది లేదా తుడిచేస్తుంది. ఉత్పరివర్తనం యాదృచ్ఛికమే గానీ వరణం యాదృచ్ఛికం కాదు. పరిణామమంతా గుడ్డి అదృష్టం అనుకోవడం అందుకే తప్పు. అదృష్టానికి కూడా వాటా లేకపోలేదు. చిన్న జనాభాలో తుపాను వంటి ఉపద్రవం వస్తే లక్షణంతో సంబంధం లేకుండా కొన్ని పోయి కొన్ని మిగులుతాయి, జన్యువుల పాళ్లు మారిపోతాయి. దీన్ని జన్యు విస్థాపం అంటారు.

పత్తి చేలో పరిణామం

ఈ సూత్రాలను తెలుగు రైతు నష్టపోయి మరీ చూశాడు. దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. బాసిల్లస్ తురింజెన్సిస్ అనే నేల బాక్టీరియా జన్యువును పత్తిలో చొప్పిస్తే, మొక్క తనే ఒక ప్రొటీన్ తయారు చేస్తుంది. అది పురుగు పేగు గోడ మీది కొన్ని అణువులకు అతుక్కుని పేగును ఛిద్రం చేస్తుంది. మొదట ఒక జన్యువుతో, 2006 నుంచి రెండు జన్యువులతో ఈ విత్తనాలు వచ్చాయి. శనగపచ్చ పురుగు బెడద బాగా తగ్గింది.

గులాబీ రంగు పురుగు దారి వేరు. అది పూమొగ్గలో దూరితే పూరేకులు విచ్చుకోక గుడ్డిపూలవుతాయి. కాయలో దూరితే గింజలు తింటుంది, దూది రంగు మారుతుంది. లక్షల పురుగుల్లో ఎక్కడో కొన్నిటికి పేగులోని అణువు ఉత్పరివర్తనం వల్ల కొద్దిగా మారి ఉంటుంది, విషం దానికి అతుక్కోదు. మామూలు చేలో ఆ తేడాకు విలువ లేదు. ఊరంతా బీటీ పత్తి వేసినప్పుడు అదే ప్రాణం నిలిపే తేడా అయింది. తట్టుకోలేని పురుగులు చచ్చాయి. తట్టుకున్నవి తమలో తాము జతకట్టి అదే లక్షణమున్న పిల్లలను కన్నాయి. ఒక జన్యువు విత్తనం పనిచేయడం లేదని గుజరాత్‌లో 2010 నాటికే తేలింది. ఐదేళ్లు తిరిగేసరికి రెండు జన్యువుల విత్తనానికీ అదే గతి పట్టింది. తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలోనూ గులాబీ పురుగు విజృంభించింది.

శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా ఇలా ఎన్నో పంటల మీద బతుకుతుంది. అక్కడ బీటీ విషం లేదు కాబట్టి తట్టుకోలేని పురుగులు కూడా మిగిలి జనాభాలో కలుస్తూ ఉంటాయి. గులాబీ పురుగుకు దాదాపు పత్తే ఆధారం. అందుకే దాని మీద వరణం ఒత్తిడి ఎక్కువ.

బీటీ విత్తనం ప్యాకెట్‌తో పాటు చిన్న ప్యాకెట్‌లో నాన్ బీటీ విత్తనం ఇచ్చి చేను చుట్టూ వేయమని చెప్పడం వెనక ఉండినది ఈ లెక్కే. ఆ వరుసల్లో మామూలు పురుగులు బతుకుతాయి. తట్టుకునే పురుగు అరుదుగా వచ్చినా, చుట్టూ ఉన్న మామూలు పురుగుతో జతకడుతుంది. వాటి పిల్లలకు ఆ జన్యువు ఒక వైపు నుంచే వస్తుంది కాబట్టి అవి విషానికి లొంగిపోతాయి. కళ్లముందు పురుగు తినే వరుసలు ఎందుకు వేయాలో రైతుకు విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ, వేసినవాళ్లూ తక్కువ. అమెరికాలోని అరిజోనాలో నాన్ బీటీ వరుసలు క్రమం తప్పకుండా వేశారు, తర్వాత సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను కూడా వదిలారు. 2018లో ఆ దేశం తన పత్తి ప్రాంతాల నుంచి గులాబీ పురుగు తొలగిపోయిందని ప్రకటించింది.

మనుషుల్లోనూ ఇదే సూత్రం. సికిల్ సెల్ వ్యాధికి కారణమైన జన్యువు ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ వస్తే రక్తహీనత, నొప్పులు వేధిస్తాయి. ఒక్కరి నుంచే వస్తే తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. ఆంటొనీ ఆలిసన్ దీన్ని 1954లో ఆఫ్రికాలో నిరూపించాడు. మలేరియా ఎక్కువగా ఉండిన గిరిజన ప్రాంతాల్లో, తెలుగు రాష్ట్రాల ఏజెన్సీతో సహా, ఆ జన్యువు నిలిచి ఉండటానికి కారణం ఇదే.

నేల నుంచి నీటికి

చిన్న మార్పులు పోగై, జనాభాలు విడిపోయి వేర్వేరు దారుల్లో ఎన్నో తరాలు సాగితే కొత్త జాతులు పుడతాయి. దీనికి తిమింగలం చక్కని సాక్ష్యం. అది ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది. ఈత రెక్కలో మనిషి చేతిలోని ఎముకలే ఉంటాయి. ఒంటి లోపల ఏ కాలికీ ఆధారం కాని చిన్న కటి ఎముకలు మిగిలి ఉన్నాయి. నేల మీద నడిచిన జంతువుల వంశమే ఇదని ఇవన్నీ చెబుతాయి.

శిలాజ సాక్ష్యంలో ముఖ్యభాగం దొరికింది భారత ఉపఖండంలోనే. జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన రాళ్లలో ఇండోహ్యూస్ అనే జంతువు ఎముకలు ఉన్నాయి. సుమారు 4.8 కోట్ల ఏళ్ల కిందటి ఈ జీవి పిల్లి అంత ఉంటుంది, కాళ్లకు గిట్టలు. దాని చెవి ఎముక లోపలి గోడ తిమింగలాల్లో ఉన్నట్టే మందంగా ఉందని 2007లో హాన్స్ థెవిసెన్ బృందం ప్రకటించింది. నీళ్లలో నడిచే జంతువులకు మల్లే కాళ్ల ఎముకలు కూడా బరువైనవి. పాకిస్తాన్‌లో నాలుగు కాళ్ల పాకిసీటస్, కచ్‌లో ఈతకు మరింత అలవాటు పడిన కొన్ని రకాలు, ఈజిప్టులో చిట్టి వెనక కాళ్లు మాత్రం మిగిలిన బాసిలోసారస్ దొరికాయి. బతికున్న జంతువుల్లో తిమింగలానికి దగ్గరి చుట్టం నీటిగుర్రమని డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. శిలాజాలు, శరీర నిర్మాణం, డీఎన్‌ఏ, వేటికవిగా వచ్చిన మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయి.

తరచూ వినిపించే పొరపాట్లు

‘కోతి మనిషైతే ఇంకా కోతులు ఎందుకున్నాయి’ అన్నది పాత ప్రశ్న. ఇప్పటి కోతి గానీ చింపాంజీ గానీ మనిషికి తాత కాదు, దాయాది. మనిషికీ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉండేవారు. అక్కడి నుంచి రెండు వంశాలు వేరుపడ్డాయి. పరిణామం మనిషి దాకా వచ్చి ఆగిన మెట్లదారి కూడా కాదు. బాక్టీరియా వందల కోట్ల ఏళ్లుగా తనకు తగ్గ తీరున వర్ధిల్లుతూనే ఉంది.

‘అది సిద్ధాంతమే కదా’ అని తీసిపారేయడం మరొకటి. శాస్త్రంలో సిద్ధాంతం అంటే ఊహ కాదు. ఎన్నో పరిశీలనలను కలిపి వివరించి, పరీక్షలకు నిలబడిన వివరణ. గురుత్వాకర్షణకు సిద్ధాంతం ఉన్నట్టే పరిణామానికీ ఉంది.

పరిణామం పాఠం పరీక్షకు మాత్రమే పనికొచ్చేది కాదు. డాక్టరు చెప్పని యాంటీబయాటిక్ మింగిన ప్రతిసారీ ఒంటిలోని బాక్టీరియాలో మందుకు లొంగనివాటికి దారి వదిలినట్టే. ఒకే మందు పదేపదే కొట్టిన చేలో పురుగుకు జరిగేదీ అదే. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి పరిణామం భాగాన్ని తొలగించినప్పుడు, 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాశారు. వారి ఆందోళన న్యాయమైనది. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం వదిలేసే పిల్లలు ఎందరో. రేపు పత్తి వేసేవాళ్లూ, మందుల షాపు నడిపేవాళ్లూ వాళ్లలోనే ఉంటారు. బడిలో ఈ పాఠం ఉన్నా లేకున్నా, అది ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ అందేలా చూడటం ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల బాధ్యత.