టే నదీలోయ

స్కాట్లండ్‌లోని నదులలో టే నది మిక్కిలి పొడవైనది. దీని పొడవు సుమారు 190 కిలోమీటర్లు. థేమ్స్, సెవర్న్ నదులు దీనికంటె పొడవైనవి. అయినప్పటికీ, సముద్రానికి చేర్చే నీటి పరిమాణంలో బ్రిటన్ నదులన్నింటిలో టే నదిదే ప్రథమ స్థానం. ఇందుకు కారణం దాని లోయ స్వరూపంలోను, దానిలో కలిసే ఉపనదులలోను ఉన్నది.

స్కాట్లండ్ పశ్చిమ తీరానికి చేరువలోని బెన్ లూయి పర్వతసానువులలో ఈ నది జన్మిస్తుంది. పశ్చిమ తీరం సమీపంలోనే ఉన్నా, తూర్పుముఖంగా పయనించి ఉత్తర సముద్రంలో కలుస్తుంది. తొలిదశలో దీనికి టే అనే పేరు లేదు. కొండవాగుగా ఉన్నప్పుడు కోనొనిష్ అనీ, లోయలోకి దిగిన తరువాత ఫిలన్ అనీ, ఆపైన డోఖర్ట్ అనీ వ్యవహరిస్తారు. కిలిన్ గ్రామం వద్ద ఇది టే సరస్సులో ప్రవేశిస్తుంది. పూర్వం హిమానీనదాలు లోయను తొలిచివేయడం వల్ల ఏర్పడిన ఈ సరస్సు పొడవు సుమారు 23 కిలోమీటర్లు. కెన్‌మోర్ వద్ద సరస్సు నుండి వెలువడిన ప్రవాహానికే టే అనే పేరు స్థిరపడింది.

కెన్‌మోర్ దాటిన కొద్దిదూరంలో లయన్ నది, ఆ తరువాత ఉత్తరం నుండి టమ్మెల్ నది వచ్చి కలుస్తాయి. డంకెల్డ్ పట్టణ సమీపంలో పర్వతప్రాంతం ముగిసి, సారవంతమైన మైదానం ఆరంభమవుతుంది. ఈశాన్యపు కొండల నీటిని ఐలా నది మోసుకొస్తుంది. పెర్త్ నగరానికి ఎగువన ఆమండ్ నది, దిగువన ఎర్న్ నది సంగమిస్తాయి. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వీచే తేమగాలులు పడమటి కొండలపై విస్తారంగా వర్షిస్తాయి. శీతకాలంలో శిఖరాలపై మంచు పేరుకుంటుంది. సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలోని నీరంతా పెర్త్ నగరం మీదుగానే సాగిపోవాలి.

ఈ సంపదయే ఒక్కొక్కప్పుడు ఆపదగా పరిణమిస్తుంది. సరస్సులు కొంత నీటిని నిలిపి వరద ఉధృతిని తగ్గిస్తాయి. కాని ఉపనదులన్నీ ఒకేసారి పొంగితే అవి చాలవు. 1993 జనవరిలో కొండలపై దట్టంగా పడిన మంచు త్వరగా కరిగింది. అదే సమయంలో భారీ వర్షాలు కురిశాయి. టే నదిలో ప్రవాహం సెకనుకు 2,200 ఘనపు మీటర్లను, అంటే సుమారు 78 వేల క్యూసెక్కులను మించింది. పెర్త్ నగరంలో అనేక గృహాలు జలమయమయ్యాయి. ఆ అనుభవంతో నిర్మించిన కరకట్టలు, రక్షణ గోడలు, వరద తలుపులు 2001లో పూర్తయ్యాయి.

ఉపనదులు విద్యుత్తును కూడా ప్రసాదిస్తున్నాయి. టమ్మెల్ నదిపై పిట్‌లోఖ్రీ వద్ద నిర్మించిన ఆనకట్ట 1951లో పూర్తయింది. అయితే సాల్మన్ చేపలు నదుల ఎగువభాగాన పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి ఎగువకు వస్తాయి. ఆనకట్ట వాటి దారిని మూసివేయకుండా, ప్రక్కనే సుమారు 310 మీటర్ల పొడవున మెట్లుమెట్లుగా 34 నీటి తొట్లతో మార్గాన్ని ఏర్పరచారు. చేపలు ఒక తొట్టి నుండి మరొక తొట్టికి చేరుతూ పైకి సాగిపోతాయి.

ఒక ఉపనదిపై కట్టిన ఆనకట్ట సముద్రం నుండి వచ్చే చేపల దారిని ప్రభావితం చేస్తుంది. ఎక్కడో కొండలపై కరిగిన మంచు పెర్త్ నగరవాసుల ఇంటి గుమ్మాన్ని తాకుతుంది. కనుక నదిని కాపాడుకోవాలంటే దాని లోయనంతటినీ ఒకటిగా చూడవలసి ఉంటుంది.