అమరాక్, దాని సంతతి

విండోస్ కంప్యూటర్లపై విన్యాంప్ అను ప్లేయరు 1997వ సంవత్సరమున వెలువడి ఎమ్పీ3 పాటల శ్రోతల నెల్లర నాకర్షింపగా, లినక్స్ వాడువారికిని అట్టిది యొకటి కావలెనని పీటర్ ఆల్మ్, మికాయెల్ ఆల్మ్ అనువారు ఆ సంవత్సరాంతముననే ఎక్స్11యాంప్ అను ప్లేయరును నిర్మించిరి. 1999లో అది ఎక్స్ఎమ్ఎమ్ఎస్ అను నామము దాల్చినది. ఆకృతియందు విన్యాంపునకు ప్రతిబింబమై, విన్యాంపునకై చిత్రితములైన స్కిన్లను సైతము ధరింపగలిగిన యా ప్లేయరు బహుజనాదరము పొందెను. అయినను, చేతికిచ్చిన ఫైళ్లను వరుసగా వినిపించుటయే దాని ధర్మము. పాటలు వేలకొలది చేరినపుడు ఏది యెచ్చట నున్నదో వెదకికొనుట శ్రోత వంతు.

ఎక్స్ఎమ్ఎమ్ఎస్‌లో ప్లేలిస్టునకు ఒక పాటను చేర్చుటయే క్లేశకరముగా నున్నదని తలచి మార్క్ క్రెట్ష్‌మన్ అను ప్రోగ్రామరు 2003లో క్రొత్త ప్లేయరు నొకదానిని ఆరంభించి, మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 1990లో వెలువరించిన సంగీతసంపుటి పేరిట దానికి అమరాక్ అని నామకరణము చేసెను. ఒకప్రక్క పాటల సంచయమును, వేరొకప్రక్క ప్లేలిస్టును చూపి, అందుండి ఇందునకు పాటను లాగి విడిచినంతనే చేరునట్లు చేయుట అతని సంకల్పము. ఇతరులు వచ్చి చేయి కలుపగా ఈ చిన్న సంకల్పము పెరిగి పెద్దదై, 2006లో వెలువడిన 1.4వ ప్రతి నాటికి, నా యెఱిగినంతలో, ఏ వేదికపైనను అంతకుమించిన పాటల ప్లేయరు లేదని చెప్పదగిన స్థితికి వచ్చినది.

దాని విశేషమెల్ల ట్యాగులను వినియోగించిన తీరున నున్నది. పాట పేరు, గాయకుని పేరు, సంపుటి పేరు మున్నగు వివరములు పాటతోపాటు ఫైలునందే యిమిడియుండును. వానికి ట్యాగులని పేరు. అమరాక్ ప్రతి ఫైలును తెఱచి ట్యాగును చదివి ఆ వివరములను ఒక డేటాబేసున లిఖించుకొనును గనుక, వెదకునపుడు వేల ఫైళ్లను మరల తాకవలసిన యగత్యము లేక క్షణమున సమాధానము చెప్పును. పాట మ్రోగుచుండగా ప్రక్కనే దాని సాహిత్యము, సంపుటి ముఖచిత్రము, గాయకునిగూర్చిన వికీపీడియా వ్యాసము కానవచ్చును. వినుట, తెలిసికొనుట అను రెండును ఒకేచోట జరుగు నీ యేర్పాటును నేను మిక్కిలి గౌరవింతును.

అంతట అమరాక్ చేరిన కేడీఈ డెస్క్‌టాపునకును, దానికిని ఆధారమైన క్యూటీ అను కోడు గ్రంథాలయము మూడవ తరమునుండి నాలుగవ తరమునకు మాఱుటచే అమరాకును మరల వ్రాయవలసివచ్చెను. 2008 డిసెంబరులో వెలువడిన 2.0వ ప్రతియందు నడిమి స్థలమును వివరములు ఆక్రమించుకొనెను. ప్లేలిస్టు ఒక అంచునకు జరిగినది. అలవాటైన సౌకర్యములు కొన్ని కానరాకపోయెను. పాతదానినే కోరినవారు పెక్కురు. యజమాని సోర్స్‌కోడును మూసియుంచిన సాఫ్ట్‌వేరైనచో వారు చింతించి యూరకుండవలసినదే. కాని అమరాక్ సోర్స్‌కోడ్ జీపీఎల్ అను అనుమతిపత్రముతో సర్వులకు లభ్యమైయుండుటచే, డేవిడ్ సాన్సమ్, జాన్ మగ్వైర్ అనువారు 1.4వ ప్రతిని క్యూటీ నాలుగవ తరమునకు తెచ్చి 2010లో క్లెమెంటైన్ అను పేర వెలువరించిరి. క్లెమెంటైన్ పురోగతి మందగించిన పిమ్మట 2018లో దానినుండి స్ట్రాబెర్రీ పుట్టినది. మూలపురుషుడైన అమరాక్ సైతము ఆఱేండ్లు స్థిరమైన నూతన ప్రతి లేకయుండి, 2024 ఏప్రిలులో 3.0వ ప్రతితో మరల లేచినది.

ప్లేయరును ఎన్నుకొనువారికి మునుపు ఎమ్పీ3 పేటెంట్ల బాధ యుండెను. రెడ్‌హ్యాట్ సంస్థ 2002లో తన లినక్సునుండి ఎమ్పీ3 వినిపించు భాగమును తొలగించుటతో, పాట మ్రోగక తెల్లబోయినవారు ప్లేయరునే నిందించిరి. 2017తో ఆ బాధ తీఱినది.

తెలుగు శ్రోతకు ట్యాగులయందు వేరొక చిక్కు కలదు. ఎమ్పీ3 ఫైళ్ల ట్యాగులకు ఐడీ3 అని పేరు; తొలినాటి ఐడీ3 ట్యాగు ఫైలు చివర 128 బైట్లు మాత్రమే. అందు పాట పేరునకు 30 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణమునకు, గుణింతపు గుర్తునకు, ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు పట్టును గనుక, ఆ స్థలమున పది చిహ్నములు మించి యిమడవు. కీర్తన పల్లవి రెండు మాటలు సాగకముందే చోటు నిండును. యూనికోడును అంగీకరించు రెండవ తరపు ట్యాగులతోనే మన లిపికి అందు నిలువ నీడ దొరకినది. మఱియు గాయకుడు, సంపుటి అను విభాగము పాశ్చాత్య రికార్డుల కేర్పడినది. త్యాగరాజ కృతిని పదుగురు పాడియుండగా మనకు ముందు కావలసినది వాగ్గేయకారుని పేరు, సినిమా పాటకు సంగీత దర్శకుని పేరు. కాబట్టి స్వరకర్తకు వేరొక గడి చూపి, దానినిబట్టి వర్గీకరింపనిచ్చు ప్లేయరు మనకు యోగ్యమైనది. నూఱిన్నూఱు పాటలవారికి గ్నోమ్ డెస్క్‌టాపు వారి రిథమ్‌బాక్స్ చాలును. కచేరీలు, కృతులు కూడబెట్టువారికి నేను స్ట్రాబెర్రీని చెప్పుదును. అయితే సంచయ మంతయు దాని కప్పగింపకముందే నాలుగు ఫైళ్లకు నకళ్లు తీసి, వానిపై వాగ్గేయకారుల పేర్లను తెలుగున వ్రాసి, వేరొక ప్లేయరులోను అవి సరిగా కానవచ్చుచున్నవో లేదో చూచుకొనవలెను.