సాపుతారా దారిలో ఒక పాఠం

సూరత్‌లో నివసించే మన ఉద్యోగ కుటుంబాలకు అందుబాటులో ఉన్న వేసవి విడిది సాపుతారా. డాంగ్ జిల్లాలో, సహ్యాద్రి కొండలపై, సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

గత శ్రావణమాసంలో మేము రెండు కుటుంబాలవారము అక్కడికి బయలుదేరాము. ముందురోజు కంప్యూటర్ ఎదుట కూర్చుని, గూగుల్ మ్యాప్స్‌లో దూరాలు, ఇస్రో 2009లో ప్రారంభించిన ‘భువన్’లో ఉపగ్రహ చిత్రాలు పరిశీలించాము. బార్డోలీ, వ్యారా, ఆహ్వాల మీదుగా వెళ్లి, తిరుగుదారిలో వఘై వద్ద అంబికా నదిపై గిరా జలపాతం చూడాలని నిశ్చయించాము. ఆహ్వాకు ముందు, మహల్ దగ్గర పూర్ణా నది ఒడ్డున ఒక ఇసుకతిన్నె కనిపించింది. పైసా ఖర్చు లేకుండా గుడారం వేసుకోవచ్చునని పిల్లలు సంబరపడ్డారు.

తీరా వెళ్లేసరికి తిన్నె లేదు. దానిమీద బురదనీరు పరుగెడుతున్నది. మేము చూసిన చిత్రం ఎండాకాలం నాటిది! ఎగువన వాన పడితే, ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా నీరు ఉన్నట్టుండి పెరుగుతుందని పశువుల కాపరి ఒకాయన హెచ్చరించాడు. పైగా అది అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేనిదే రాత్రి బస చేయరాదు. చీకటి పడేలోగా ఆహ్వా చేరి తల దాచుకున్నాము.

తోటి ఉద్యోగులకు మా మనవి: కనుమలలో సిగ్నల్ అందదు కనుక పటాన్ని ముందే ఫోనులోకి దించుకోండి. చిత్రం తీసిన తేదీ గూగుల్ ఎర్త్‌లో తెలుస్తుంది, చూసుకోండి. మహల్‌లో అటవీశాఖవారి విడిది ఉన్నది. ముందుగా అనుమతి పొందండి. ఏటి ఒడ్డున దిగేముందు మాత్రం ఆ ఊరివారిని అడగటం మరువకండి.